కల్నల్ పీటర్ హాకర్: తుపాకి గొట్టం లోపలికి చూసిన మనిషి

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు నేను కొంత తటపటాయించాను. ప్రకాశం పంతులు గారి గురించి, కందుకూరి వారి గురించి నాకంటె బాగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా కలెక్టరు కార్యాలయంలో గుమాస్తాగా గడిపినవాణ్ణి. అందులో పదకొండేళ్లు ఆయుధ లైసెన్సుల సీటు చూశాను. ఆ సీటులో కూర్చున్నవాడు తుపాకి పేల్చనక్కరలేదు, ఫైలు కదిపితే చాలు. నేనూ అంతే. జీవితంలో ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదు. అయినా ఒక తుపాకి మనిషి కథే వ్రాయడానికి పూనుకున్నాను. కారణం చివరలో మనవి చేస్తాను.

మా అబ్బాయి ఇంగ్లండులో సౌతాంప్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కొన్నేళ్ల క్రితం నేనూ, మా ఆవిడా అక్కడికి వెళ్లి ఆరు నెలలు ఉన్నాము. ఒక ఆదివారం వాడు మమ్మల్ని లిమింగ్టన్ పక్కన కీహేవెన్ అనే చిన్న ఊరికి తీసుకువెళ్లాడు. సముద్రపు కట్ట మీద నడుస్తుంటే ఒక పక్క ఉప్పు నీటి పర్ర, ఇంకో పక్క తడి నేలలు. పాటు వేళ నీరు తీసి నల్లటి బురద బయటపడింది. ఆ బురద మీద వందల కొద్దీ పక్షులు. అచ్చం మన పులికాట్ ఒడ్డున నిలబడినట్లే అనిపించింది. ఊళ్లో ఒక పాత కుటీరం చూపించి, రెండు వందల ఏళ్ల నాడు హాకర్ అనే కల్నల్ ఇక్కడ ఉండి పక్షుల వేట చేసేవాడని మా అబ్బాయి చెప్పాడు. తర్వాత వాడే గ్రంథాలయం నుంచి ఆయన పుస్తకం, దినచర్య తెచ్చి ఇచ్చాడు. చలికి ఇల్లు కదలలేని రోజులు కావడంతో రెండూ ఆసాంతం చదివాను.

బాల్యం, సైన్యం

పీటర్ హాకర్ 1786 డిసెంబరు 24న లండన్‌లో జన్మించారు. తండ్రి కూడా సైన్యంలో కల్నల్. ఈటన్ పాఠశాలలో చదువు. 1801లో, ఇంకా పదిహేనేళ్లు నిండకుండానే, అశ్వికదళంలో చేరారు. ఆ రోజులలో పెద్దింటి పిల్లలు సొమ్ము చెల్లించి సైన్యంలో హోదా కొనుక్కునేవారు. 1803లో 14వ లైట్ డ్రాగూన్స్ దళానికి మారి, మరుసటి సంవత్సరం కెప్టెన్ అయ్యారు. 1802లోనే దినచర్య వ్రాయడం మొదలుపెట్టారు. ఆ అలవాటు 1853లో మరణించే వరకు, అంటే యాభై ఏళ్లకు పైగా, సాగింది. ఒక్క నెల డైరీ వ్రాసి మానేసే మనబోటివారికి ఇదొక్కటే చాలు, ఆయన ఎటువంటి మనిషో తెలియడానికి.

నెపోలియన్ సైన్యాలతో స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో జరిగిన యుద్ధానికి హాకర్ వెళ్లారు. 1809 జూలైలో తలవేరా వద్ద జరిగిన పెద్ద పోరాటంలో ఆయన తుంటి దగ్గర తూటా దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది కాని కాలు పూర్వపు కాలు కాలేదు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండు. 1813లో సైన్యం నుంచి విరమించుకున్నారు. మన కార్యాలయ భాషలో చెప్పాలంటే శారీరక అశక్తత కారణంగా ముందస్తు విరమణ. తరువాత ఉత్తర హాంప్‌షైర్ మిలీషియాలో మేజరుగా, లెఫ్టినెంట్ కల్నలుగా గౌరవ స్థానం దక్కింది. కాని అసలు సైనిక జీవితం ఇరవై ఆరేళ్లకే ముగిసిపోయింది.

సోదర పెన్షనర్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మనకు యాభై ఎనిమిదేళ్లకు వచ్చిన రోజు ఆయనకు ఇరవై ఆరేళ్లకు వచ్చింది. పొద్దున్నే లేచి వెళ్లడానికి చోటు లేదు. కుంటి కాలు. ముందు నలభై ఏళ్ల జీవితం. ఆ నలభై ఏళ్లు ఆయన ఏమి చేశారన్నదే ఈ కథ.

పుస్తకం

టెస్ట్ నది ఒడ్డున లాంగ్‌పారిష్ గ్రామంలో ఆయనకు పెద్ద ఇల్లు ఉండేది. 1811లో జూలియా బార్టెలాట్ అనే ఆమెను వివాహమాడారు. 1814లో, విరమణ పొందిన మరుసటి సంవత్సరమే, యువ వేటగాళ్లకు సూచనలు అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం ప్రచురించారు. తుపాకి ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి, నీటి పక్షుల వేట ఎలా చేయాలి, వేట చట్టాలు ఏమిటి అన్నవి అందులోని విషయాలు. ఒకసారి అచ్చు వేసి ఊరుకోలేదు. కొత్త అనుభవం కలిగినప్పుడల్లా సరిదిద్దుతూ, పెంచుతూ వచ్చారు. 1844 నాటికి తొమ్మిదో ముద్రణ వచ్చింది. మరణానంతరం 1854లో ఆయన కుమారుడు పదో ముద్రణ తెచ్చారు. మన ఆఫీసు మాన్యువల్‌కు సవరణ స్లిప్పులు అంటించినట్లు ముప్పై ఏళ్లపాటు ఆయన తన పుస్తకానికి తానే స్లిప్పులు అంటించుకున్నారు.

తుపాకి ఎంపిక

ఆ కాలపు తుపాకి మన పల్లెల్లో బారు తుపాకి అని పిలిచేదానికి దగ్గర చుట్టం. గొట్టం మూతి నుంచి మందు పోసి, అడ్డ పెట్టి, రవ్వలు పోసి, మళ్లీ అడ్డ పెట్టి, కడ్డీతో దట్టించాలి. చెకుముకి రాయి ఉక్కును కొట్టగా పుట్టిన నిప్పురవ్వ మందుకు అంటుకుంటే అది పేలుతుంది. సముద్రపు ఒడ్డున తుంపర, మంచు, తేమ. మందు చెమ్మగిల్లితే రాయి ఎంత కొట్టినా వృథా.

హాకర్ చెప్పిన మొదటి మాట తుపాకి మనిషికి అమరాలి అన్నది. చెప్పు కాలికి సరిపోయినట్లు తుపాకి మడమ భుజానికి సరిపోవాలి. మెడ పొడుగున్నవాడికి మడమ ఎక్కువ వంగి ఉండాలి, పొట్టివాడికి తక్కువ. కళ్లు మూసుకుని తుపాకి భుజానికి ఎత్తి, కళ్లు తెరిచి చూస్తే గొట్టం గురి మీదే ఉండాలి. అలా లేకపోతే అది ఎంత ఖరీదైనదైనా మనది కాదు.

రెండో సంగతి బరువు. పొలాల మీద కౌజుల వెంట తిరిగేవాడికి తేలిక తుపాకి కావాలి. తీరాన పక్షి దూరంగా ఎగురుతుంది, దాని ఈక దట్టం. దానికి పెద్ద రవ్వ కావాలి, మందు ఎక్కువ కావాలి. మందు ఎక్కువైతే తన్ను ఎక్కువ. ఆ తన్నును భుజం భరించాలంటే తుపాకే బరువుగా ఉండాలి. కాబట్టి తీరపు తుపాకి పొడుగ్గా, బరువుగా ఉంటుంది. తేలికదీ, బలమైనదీ ఒక్కటే తుపాకిలో దొరకాలనుకోవడం కుదరని ఆశ.

మూడోది గొట్టం. మేలురకం గొట్టాలకు ఆనాడు గుర్రపు లాడాల అరిగిపోయిన మేకులు కూడా సేకరించేవారు. ఏళ్లపాటు రాళ్ల మీద దెబ్బలు తిన్న ఇనుము కాబట్టి గట్టిగా ఉంటుందని నమ్మకం. దానిని కరిగించి, సాగదీసి, పట్టీలుగా చేసి, కడ్డీ చుట్టూ తాడు చుట్టినట్లు చుట్టి అతికేవారు. అతుకు సరిగా పడకపోతే గొట్టం చేతిలోనే పగులుతుంది. అందుకే కొనే ముందు గొట్టం మీద పరీక్ష ముద్ర చూడాలి. లండన్‌లో తుపాకి పనివారి సంఘం ఈ పరీక్ష చేసేది. బర్మింగ్‌హామ్‌లో 1813లో పార్లమెంటు చట్టం ద్వారా పరీక్షాలయం ఏర్పడింది. మామూలుకంటె ఎక్కువ మందు కూరి పేల్చి, తట్టుకున్న గొట్టానికే ముద్ర వేస్తారు. మన బంగారానికి హాల్‌మార్కు వంటిదన్నమాట.

మాంటన్ స్నేహం

ఆ రోజులలో లండన్‌లో జోసెఫ్ మాంటన్ అనే తుపాకి పనివాడికి సాటి లేదు. పర్డీ, లాంకాస్టర్ వంటి తరువాతి ప్రసిద్ధులు ఆయన దుకాణంలో పని చేసినవారే. హాకర్ ఆయన దగ్గర తుపాకులు చేయించుకోవడమే కాక స్నేహితుడయ్యారు. మాంటన్ చేసిన రెండు గొట్టాల తుపాకిని దశాబ్దాలపాటు వాడారు.

1807లో స్కాట్లండుకు చెందిన ఫోర్సైత్ అనే మతబోధకుడు, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో తుపాకి పేల్చే పద్ధతికి పేటెంటు పొందారు. చెకుముకి రాయి పని తీరిపోయే రోజులు వచ్చాయి. చెకుముకి తుపాకి దెబ్బ బలంగా ఉంటుందని హాకర్ చాలాకాలం నమ్మారు. కాని వానలోనూ సముద్రపు తుంపరలోనూ కొత్త పద్ధతే నమ్మకమైనదని ఒప్పుకున్నారు. చిన్న రాగి టోపీలో ఆ రసాయనం పెట్టే ఆలోచనను బొమ్మ గీసి మాంటన్‌కు ఇచ్చింది తానేనని కూడా చెప్పుకున్నారు. ఆ ఘనత తమదే అన్నవారు మరికొందరు ఉన్నారు కనుక ఆ తగవు మనకు వద్దు.

ఇంత నేర్పరి మాంటన్ లెక్కల దగ్గర నిలబడలేకపోయాడు. పేటెంటు వ్యాజ్యాలు, ఖర్చులు మీద పడి 1826లో దివాలా తీశాడు. 1835లో మరణించాడు. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి మీది వ్రాత హాకర్ కూర్చినదే. మంచి రోజులలో వస్తువు చేయించుకుని, చెడ్డ రోజులలో మొహం తప్పించే ఖాతాదారులు ఎందరో. హాకర్ ఆ కోవకు చెందలేదు.

కీహేవెన్ రాత్రులు

చలికాలం వచ్చిందంటే హాకర్ కీహేవెన్ కుటీరం చేరేవారు. ఉత్తరం నుంచి విజియన్ బాతులు, బ్రెంట్ అనే నల్లటి పెద్దబాతులు ఆ బురద నేలల మీద దిగేవి. కుంటి కాలుతో పొలాల వెంట మైళ్లు నడవడం కష్టం. కాని దోనెలో బోర్లా పడుకుని నీటి మీద మెల్లగా జరగడానికి కాలుతో పని తక్కువ. బహుశా అందుకే సముద్రం ఆయనను పట్టుకుంది.

ఆ దోనె మీద అమర్చే తుపాకిని ఎవరూ ఎత్తలేరు. హాకర్ చేయించుకున్న రెండు గొట్టాల దోనె తుపాకి బరువు రెండు వందల పౌన్లకు దగ్గరగా ఉండేది. ఒక్కో గొట్టంలో పౌనుకు పైగా రవ్వలు. దాని తన్నును భుజం కాక పడవ భరించాలి. ఒక గొట్టానికి కొత్త పద్ధతి, రెండో గొట్టానికి చెకుముకి రాయి పెట్టించారు. రెండూ ఒకేసారి మీట లాగినా రాయి గొట్టం రెప్పపాటు ఆలస్యంగా పేలుతుంది. మొదటిది కూర్చున్న గుంపు మీద, రెండోది అప్పుడే లేచిన గుంపు మీద. పాత పద్ధతిలోని లోపాన్నే పనికి వాడుకున్న బుద్ధి అది.

ఇంత చెప్పాక ఒక నిజం దాచకూడదు. ఆయన తన లెక్కలు తాను వ్రాసుకున్నారు. యాభై ఏళ్లలో కొట్టినవి పదిహేడు వేలకు పైచిలుకు. మా ఆవిడ ఆ అంకె విని పుస్తకం పక్కన పెట్టమంది. నాకూ మనసు చివుక్కుమంది. ఆ కాలంలో అది తప్పు అనుకోలేదు, గొప్ప అనుకున్నారు. కాని ఆయన దినచర్య చివరి భాగంలో తీరాన తుపాకులు ఎక్కువైపోయి పక్షులు తగ్గిపోయాయన్న విచారమే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ తగ్గుదలలో తన వాటా ఎంతో ఆయన కూడిక చేసి చూసుకోలేదు. కాని కూడికకు కావలసిన అంకెలన్నీ ఆయనే వ్రాసిపెట్టి పోయారు.

తుపాకి పోషణ

ఇక నేను అందరికంటె శ్రద్ధగా చదివిన భాగం ఇది. నల్ల మందు కాలితే గొట్టంలో మసి మిగులుతుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానికి సముద్రపు ఉప్పు తోడైతే ఒక్క రాత్రిలో ఇనుము తుప్పు పడుతుంది. కాబట్టి ఇంటికి రాగానే, అన్నం తినక ముందే, తుపాకి పని చూడాలి. గొట్టాలను మడమ నుంచి విడదీసి, కడ్డీకి పీచు చుట్టి, మొదట చన్నీళ్లతో మసి పోయేవరకు కడగాలి. పిమ్మట వేన్నీళ్లు పోయాలి. వేడికి గొట్టం తనంతట తానే త్వరగా ఆరుతుంది. పొడి పీచుతో తుడిచి, సన్నగా నూనె రాయాలి. లోపలి యంత్రానికి ఈకతో ఒక్క చుక్క నూనె చాలు, ఎక్కువైతే జిడ్డుపట్టి మొరాయిస్తుంది.

వాడకంలో జాగ్రత్తలూ అంత ముఖ్యమే. రెండు గొట్టాల తుపాకిలో ఒకటి పేల్చి మళ్లీ కూరేటప్పుడు రెండోదాని గుర్రాన్ని ముందుగా దించాలి. లేకపోతే మూతి మీద చేయి ఉండగానే అది పేలవచ్చు. మొదటి దెబ్బ తన్నుకు రెండో గొట్టంలోని రవ్వలు ముందుకు జారి ఉండవచ్చు, కడ్డీతో చూసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, మూతిలో బురద గాని, మంచు గాని, మరేదైనా గాని అడ్డుపడితే ఆ గొట్టం పగిలి తీరుతుంది. పేల్చే ముందు గొట్టం చూడాలి.

నా ఫైలు

ఈ చివరి వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

నేను ఆయుధాల సీటు చూసే రోజులలో తీరప్రాంతపు రైతు ఒకాయన లైసెన్సు పునరుద్ధరణకు దరఖాస్తు చేశాడు. తండ్రి నుంచి వచ్చిన రెండు గొట్టాల తుపాకి. పందుల బెడద నుంచి పైరు కాపాడుకోవడానికి పెట్టుకున్నది. చలానా ఉంది, పోలీసు నివేదిక ఉంది, తుపాకి నంబరు సరిచూసినట్లు సంతకం ఉంది. పునరుద్ధరించవచ్చునని నేను నోటు వ్రాశాను. పై అధికారి సంతకం చేశారు. రెండు నెలలకు ఆ తుపాకి గొట్టం పగిలి ఆయన ఎడమ చేతి వేళ్లు రెండు పోయాయి. వాడక్కుండా గోడకు తగిలించి ఉంచిన ఆ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టుకుంది. అందరమూ గొట్టం మీది నంబరు చూశాము. గొట్టం లోపల ఎవరమూ చూడలేదు.

నిబంధన ప్రకారం నా తప్పు ఏమీ లేదు. ఎవరూ నన్ను అడగలేదు కూడా. తుపాకి వాపసు చేస్తానని ఆయనే ఆఫీసుకు వచ్చాడు. కట్టు కట్టిన చేతితో నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం నాకు ఈనాటికీ బరువే. రెండు వందల ఏళ్ల నాడు ఒక కుంటి కల్నల్ వ్రాసిపెట్టిన ఒక్క ముక్క నాకు అప్పుడు తెలిసి ఉంటే, దరఖాస్తుదారుకు మాటమాత్రంగానైనా చెప్పి ఉండేవాణ్ణి.

చివరి రోజులు, నేటి మాట

హాకర్ తుపాకి మనిషి మాత్రమే కాదు. క్రేమర్ అనే ప్రసిద్ధ విద్వాంసుని దగ్గర పియానో నేర్చుకున్నారు. పియానో నేర్చేవారి చేతులు సరిగా నిలిచేందుకు ఒక సాధనం కనిపెట్టి 1820లో పేటెంటు పొందారు. 1844లో భార్య జూలియా మరణించింది. అదే సంవత్సరం ఆయన మళ్లీ వివాహం చేసుకున్నారు. 1853 ఆగస్టు 7న అరవై ఆరో ఏట కన్నుమూశారు. నలభై ఏళ్ల తర్వాత, 1893లో, ఆయన దినచర్య రెండు సంపుటాలుగా అచ్చయింది.

కీహేవెన్ పర్ర ఇప్పుడు పక్షుల రక్షిత ప్రాంతం. ఇంగ్లండులో 1954 చట్టం బ్రెంట్ పెద్దబాతులకు రక్షణ కల్పించింది. సీసపు రవ్వలు మింగి నీటి పక్షులు విషం సోకి చస్తున్నాయని తేలడంతో 1999 నుంచి అక్కడ బాతుల మీద, తీరపు నేలల మీద సీసపు రవ్వలు నిషేధించారు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణతో క్రీడగా వేట ముగిసిపోయింది. హాకర్ కొట్టిన విజియన్ జాతి బాతులే చలికాలంలో మన కొల్లేటికీ, పులికాట్‌కూ వస్తాయి. వాటిని కళ్లతో చూసి సంతోషించడమే మన వంతు. అది చాలా మంచి వంతు.

మన సభ్యుల ఇళ్లలో పెద్దలు వదిలిన తుపాకులు ఎక్కడైనా ఉంటే ఒక మనవి. లైసెన్సుదారు మరణించాక తుపాకిని ఊరికే ఇంట్లో ఉంచుకోవడం నేరం. పోలీసు స్టేషనులోగాని లైసెన్సున్న డీలరు దగ్గరగాని అప్పగించి, వారసులు కావాలంటే దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి అనుమతి లేదు, లైసెన్సు గడువు అయిదేళ్లు. పాత చుట్టుడు గొట్టాల తుపాకిలో ఈనాటి తూటా ఎన్నడూ వేయరాదు, ఆ గొట్టం నల్ల మందుకు చేసినది. తుప్పు పట్టినదాన్ని అలంకారానికి తగిలించినా, అది ఖాళీ అని తెలిసినవారి చేత నిర్ధారణ చేయించండి.

మన సర్వీసు అయిపోయింది. మన ఫైళ్లు ఇప్పుడు ఎవరి చేతిలోనో ఉన్నాయి. కాని మనకు తెలిసినది, మన పొరపాటు నేర్పినది, ఎవరికైనా ఉపయోగపడేలా వ్రాసిపెట్టడానికి రిటైర్మెంటు అడ్డు రాదు. దెబ్బతిన్న కాలితో ఆ కల్నల్ నలభై ఏళ్లు చేసినది అదే. నేను చేయవలసిన ఒక్క పని ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యంగా ఈ సంచికలో చేశాను.